కంటి వెనక పలుకు

2016 నవంబరు మొదటివారంలో నన్ను సీటీ విభాగం నుంచి ఎమ్మారైకి మార్చారు. కువైట్‌లో, సాల్మియాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రి అది. అప్పటికి అక్కడ పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. హోదా సీనియర్ టెక్నాలజిస్ట్. బయటివాళ్లకు ఈ హోదాలు తికమకగా ఉంటాయి. తీసిన బొమ్మలు చదివి జబ్బేమిటో చెప్పేది రేడియాలజిస్టు, ఆయన డాక్టరు. రోగిని యంత్రంలో పడుకోబెట్టి ఆ బొమ్మలు తీసేది టెక్నాలజిస్టు. మేము డాక్టర్లం కాము. కానీ ఎమ్మారై గది తలుపు దగ్గర మాత్రం మాట మాదే. లోపలికి ఎవరు వెళ్లవచ్చో, ఎవరు వెళ్లకూడదో టెక్నాలజిస్టు చెప్పాలి. ఆస్పత్రి డైరెక్టరు వచ్చినా జేబులు ఖాళీ చేశాకే లోపల అడుగుపెట్టాలి.

ఎందుకంటే ఎమ్మారై అంటే ఒక పెద్ద అయస్కాంతం. ఎక్స్‌రేలా మీట నొక్కితే పనిచేసి, వదిలితే ఆగేది కాదు. రోగి ఉన్నా లేకపోయినా, శుక్రవారం సెలవులోనూ దాని లాగుడు అలాగే ఉంటుంది. నర్సు జేబులో మరిచిపోయిన కత్తెర గాలిలో లేచి వెళ్లి యంత్రానికి అతుక్కోవడం శిక్షణ రోజుల్లో నా కళ్లతో చూశాను. ఒంట్లో ఉన్న ఇనుము సంగతీ అంతే. ముఖ్యంగా కన్ను. లేతు మిషన్ల దగ్గరా వెల్డింగు దగ్గరా పనిచేసినవాళ్ల కంట్లో ఇనుప రజను పడి, వాళ్లకే తెలియకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అయస్కాంతం దాన్ని కదిపితే చూపు పోవచ్చు. అందుకే మేము నింపించే ఫారంలో ఆ ప్రశ్న విడిగా ఉంటుంది: ఎప్పుడైనా కంటికి లోహంతో గాయమైందా? ఫారం మీద రెండు సంతకాలు పడాలి. మొదటిది నర్సుది, రెండోది టెక్నాలజిస్టుది.

నేను మారిన మూడోవారంలో, ఒక మంగళవారం పొద్దున, ఎనభై అయిదేళ్ల పెద్దాయనను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు అప్పలసామి. మలేసియా పాస్‌పోర్టు. వెంట వచ్చిన మనవడు దినేశ్ ముప్పయ్యేళ్లవాడు, ఫహాహీల్‌లో ఉంటూ చమురు రంగంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. ఇంకో మనిషి ఓబులమ్మ. రాయచోటి దగ్గర పల్లె నుంచి ఇంటిపనికి వచ్చిన నలభై ఏళ్ల ఆవిడ. ఆమె కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆమెతో మాలో ఎవరం మాట్లాడలేదు.

పెద్దాయనకు నెలరోజులుగా మతి నిలకడగా లేదు. చనిపోయిన భార్య బయట ఎదురుచూస్తోందంటాడు, తిన్న అన్నం తినలేదంటాడు, నడుస్తూ ఎడమవైపు తూలుతున్నాడు. వయసు మీద పడటంతో వచ్చే మతిమరుపేమో చూడాలని వాళ్ల డాక్టరు మెదడుకు ఎమ్మారై రాశారు. ఆ తారీఖు కోసం దినేశ్ మూడువారాలు ఆగాడు. ఆ పూట ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు.

ఫారం అతనే నింపాడు. అన్ని గళ్లలోనూ లేదు, లేదు అనే ఉంది. పెద్దాయన ఎడమ కణత మీది నుంచి కంటి కిందకు వంకరగా ఒక పాత మచ్చ కనిపించింది. అదేమిటని అడిగాను. తాతయ్య చిన్నప్పుడు రబ్బరు తోటలో పనిచేసేవాడని, చెట్టుకు గాటు పెట్టే కత్తి జారి తగిలిందని, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతేనని దినేశ్ ఇంగ్లీషులో చెప్పాడు. కత్తి గాటు వేరు, లోపల ఇనుము మిగలడం వేరు. నేను సంతకం పెట్టేశాను.

మలేసియా అనగానే, పేరు చివర సామి అని చూడగానే, తమిళులనుకున్నాను. మనవడు ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. పెద్దాయన నోట్లో నోట్లో ఏదో గొణుక్కుంటున్నాడు. దాన్ని నేను చెవిన పెట్టలేదు.

గౌను తొడిగించి తలుపు దాకా తీసుకెళ్లేసరికి ఆయన రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు. వేళ్లు విడదీద్దామంటే రావడం లేదు. ఆ వయసులో అంత పట్టు ఎక్కడిదో అర్థం కాలేదు. ఇలా మొండికేసేవాళ్లు మాకు కొత్త కాదు. సొరంగంలాంటి యంత్రాన్ని చూసి భయపడేవాళ్లు వారానికి ఒకరిద్దరైనా ఉంటారు. పద్ధతి ప్రకారం మత్తు డాక్టరును పిలిపించాము. దినేశ్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేశాడు. మత్తు డాక్టరు మందును సిరంజిలోకి తీసుకున్నారు. నేను కేసు కాగితం మీద "రోగి భయపడుతున్నారు, సహకరించడం లేదు" అని రాశాను.

అప్పుడు ఓబులమ్మ ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏం గాదులే తాతా. రోంతసేపే. నేను ఈడనే ఉంటా" అంది.

పెద్దాయన ఆమె వైపు తిరిగి స్పష్టంగా తెలుగులో అన్నాడు. "నాను రానంటే రాను. అది అయస్కాంతమంట. పలుకుని లాగీస్తాది."

నేను చేతిలో కాగితం బల్ల మీద పెట్టాను. మత్తు డాక్టరును ఒక్క నిమిషం ఆగమని చెప్పి, కుర్చీ ముందు కింద కూర్చున్నాను. ఏ పలుకు తాతగారూ అని అడిగాను. ఆ ఆస్పత్రిలో నీలి దుస్తుల మనిషి నోట తెలుగు వస్తుందని ఆయన అనుకోలేదు. నన్ను కాసేపు చూశాడు. ద్వారబంధం మీద పట్టు కొంచెం సడలింది.

"కంటెనకాల ఉన్న పలుకమ్మా. ఇనపది."

మీ మనవడు కత్తి గాటని చెప్పాడు కదండీ అన్నాను.

"ఆడికి నానలాగే సెప్పినాను. ఆడి అమ్మకీ అలాగే సెప్పినాను. కత్తి కాదమ్మా. అడివిలో బాంబు తగిలింది."

ఓబులమ్మ గబుక్కున నా వైపు తిరిగింది. "మేడం, ఆయప్ప దినామూ పలుకు పలుకు అంటాండాడు. వక్కపలుకు అడుగుతాండాడేమో అనుకొని నేను వక్క తెచ్చిచ్చినా. ఇసిరి కొట్టినాడు."

వాళ్ల వైపు పలుకంటే వక్కపలుకే. మా కోనసీమలో పదునైన చిన్న ముక్కనూ పలుకే అంటాం, రాతి పలుకు, గాజు పలుకు అని. పెద్దాయన తల్లిదండ్రులు అనకాపల్లి వైపు నుంచి అప్పటి మలయా, అంటే ఇప్పటి మలేసియా, రబ్బరు తోటలకు వెళ్లినవాళ్లు. అక్కడే పుట్టి పెరిగిన ఆయన నోట వాళ్ల మాటే నిలిచింది. ఆయన భార్యా కూతురూ కన్నుమూశాక ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్లు లేరు. ఆయన భాష వచ్చిన మనిషి కావాలని పనిమనుషులను పంపే ఏజెన్సీని అడిగి ఓబులమ్మను తెచ్చుకున్నది కూడా అందుకే. మనవడితో ఆయన మలయ్, ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకొస్తాడు. పొద్దున్నే కారులో దినేశ్ యంత్రం సంగతి చెబుతూ "పెద్ద మాగ్నెట్, నొప్పి ఉండదు" అన్నాడట. ఆ ముక్క పెద్దాయనకు అర్థమైంది. మాకే అర్థం కాలేదు.

ఇక్కడ చిక్కేమిటంటే, అదే మనిషి ఆ పొద్దున నర్సుతో తన భార్య లిఫ్టులో ఉందని చెప్పాడు. రేడియాలజిస్టు ఈజిప్టు దేశస్థుడు, పనిలో గట్టివాడు. మతి సరిగా లేని రోగి మాట పట్టుకుని పరీక్ష ఆపితే మళ్లీ తారీఖు దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పమన్నారు. బయట ఇంకో నలుగురు రోగులు కూర్చుని ఉన్నారు. దినేశ్ కూడా గట్టిగానే మాట్లాడాడు. తాతయ్య ఏనాడూ సైన్యంలో లేడని, ఇదంతా టీవీలో చూసి ఊహించుకుంటున్నదేనని అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. అతనికి తెలిసింది అంతే.

మా పనిలో ఒక సూత్రముంది: అనుమానం తీరకపోతే లోపలికి లేదు. ముందు కళ్లకు రెండు ఎక్స్‌రేలు తీద్దాం, ఏమీ లేకపోతే నేనే ఈ సాయంత్రం డ్యూటీ దాటి ఉండి స్కాన్ చేస్తానని చెప్పాను. రేడియాలజిస్టు గడియారం చూసుకుని, "ఖలాస్, ఇక వాదన చాలు, తీయండి" అన్నారు.

కంటి ఎక్స్‌రే రెండుసార్లు తీస్తాం. ఒకటి రోగి పైకి చూస్తుండగా, రెండోది కిందికి చూస్తుండగా. తెల్లటి చుక్క కనిపించి, రెండు బొమ్మల్లో దాని చోటు మారితే అది కనుగుడ్డులోనే ఉన్నట్టు. మారకపోతే గుడ్డు బయట, దాని పక్కన ఎక్కడో ఉన్నట్టు. పైకి చూడండి, ఇప్పుడు కిందికి చూడండి అని నేను తెలుగులో చెబుతుంటే ఆయన పోలీసు కవాతులో ఉన్నట్టు చెప్పింది చెప్పినట్టు చేశాడు. సహకరించని రోగి అని నేను రాసింది ఆయన గురించే.

తెర మీద ఎడమ కంటి గూడులో, కింది వైపు, బియ్యపు నూకంత తెల్లటి ముక్క. అంచులు పదునుగా ఉన్నాయి. రెండు బొమ్మల్లోనూ కదల్లేదు. గుడ్డుకు బయటే ఉంది. కానీ గుడ్డుకు దానికి మధ్య పెద్ద దూరం లేదు.

నేను కుర్చీలో కూర్చున్నాను. నా సంతకమున్న ఫారం ఎదురుగా బల్ల మీద ఉంది. మత్తు ఇచ్చి ఉంటే ఆయన నొప్పి అని కూడా చెప్పలేకపోయేవాడు. రేడియాలజిస్టు వచ్చి తెర చూశారు. తర్వాత నా భుజం తట్టి, ఎమ్మారై రద్దు చేసి సీటీకి పంపమన్నారు. సీటీలో అయస్కాంతం ఉండదు. దినేశ్ గోడకు ఆనుకుని నిలబడి తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. ఓబులమ్మ మాత్రం నేలమీద కూలబడి, "సామీ, నేను వక్కనుకుంటినే" అని కళ్లు తుడుచుకుంది. తప్పు ఆమెది కాదని, ఫారం మీద సంతకం ఆమెది కాదని చెప్పాను.

ఆ మధ్యాహ్నం సీటీలో ఇంకొకటి బయటపడింది. మెదడు పైపొరకూ పుర్రెకూ మధ్య, కుడివైపు, పాత రక్తం నెలవంకలా పేరుకుని మెదడును నొక్కుతోంది. ఎడమవైపు తూలడమూ, మతి తప్పడమూ దానివల్లే. పడ్డాడా అని దినేశ్‌ను అడిగితే లేదన్నాడు. ఓబులమ్మను అడిగితే, ఆరువారాల కిందట స్నానాలగదిలో జారాడని చెప్పింది. ఇంటావిడను, అంటే దినేశ్ భార్యను, అక్కడి పనివాళ్ల వాడుకలో ఓబులమ్మ మామా అని పిలుస్తుంది; తనకొచ్చిన నాలుగు అరబ్బీ, హిందీ మాటల్లో ఆమెకు ఆ రోజే చెప్పిందట. పెద్దాయన వెంటనే లేచి కూర్చుని టీ అడగడంతో ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. ఇది వయసుతో వచ్చే మతిమరుపు కాదు. పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఆ రక్తం తీసేస్తే తగ్గే జబ్బు. మర్నాడు ఆపరేషన్ జరిగింది. నాలుగోరోజు నేను వార్డుకు వెళితే ఆయన ఆ రోజు ఏ వారమో సరిగ్గా చెప్పి, కువైట్‌లో చేపలు బాగుంటాయంటారు, నాకు పెట్టరేమమ్మా అని అడిగాడు. ఎన్నేళ్లుగానో ఈ పని చేస్తున్నా, ఆ పూట ఇంటికి వెళుతున్నప్పుడు అంత హాయిగా నేనెప్పుడూ నడవలేదు.

మూడువారాల తర్వాత ఒక శుక్రవారం దినేశ్ నన్ను ఇంటికి రమ్మన్నాడు. సముద్రం పక్క రోడ్డు మీదుగా వెళ్లే బస్సులో ఫహాహీల్ వెళ్లాను. తాతయ్య కథ మొత్తం వినాలని ఉందని, మధ్యలో నేను ఉండి ఇంగ్లీషులో చెప్పాలని అడిగాడు. నేను దుబాసీగా కూర్చోవడం అదే మొదటిసారి. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అడిగినవాటికి జవాబు చెబుతూ మధ్యాహ్నమంతా మాట్లాడాడు.

1950 ప్రాంతంలో మలయా ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేది. వాళ్లను వెళ్లగొట్టాలని కమ్యూనిస్టులు అడవిలోకి వెళ్లి యుద్ధం మొదలుపెట్టారు. అడవిలోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది చైనావాళ్లు. తోటల కాపలాకు దొరలు ప్రత్యేక పోలీసులను తీసుకున్నారు. అప్పలసామికి పంతొమ్మిదేళ్లు. రబ్బరు గీసే పనికన్నా జీతం ఎక్కువని చేరాడు. అతను కాళ్లకు జోడు తొడగడం అదే మొదలు. ఏడాది తిరక్కుండా అడవిలో తిరిగే దళంలోకి తీసుకున్నారు.

అడవిలో మొదట నేర్పింది తుపాకీ కాదట, వాసన. బయల్దేరడానికి మూడురోజుల ముందు నుంచీ సబ్బు లేదు, తలకు నూనె లేదు, చుట్ట లేదు. అడవిలో నెలల తరబడి ఉన్నవాడి ముక్కుకు సబ్బు వాసన చాలా దూరం నుంచి తెలుస్తుంది. రెండోది మౌనం. పది పన్నెండు రోజులు చేతి సైగలే తప్ప మాట ఉండదు. తిరిగొచ్చాక తన గొంతు తనకే కొత్తగా వినిపించేదట. పగలు కూడా సూర్యుడు కనబడడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నడిచినా మైలు దూరం సాగదు. వాన ఆగినా చెట్ల మీది నీరు గంటసేపు కారుతూనే ఉంటుంది. జోడు కన్నాల్లోంచి జలగలు దూరేవి. లాగితే పుండు పడుతుంది గనుక ఉప్పు మూట తగిలించి వదిలించేవారు. ఈ సంగతులు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఉత్సాహం కనిపించింది. ఆ వయసులో చేసిన కష్టమది, గర్వం ఉండటంలో వింత లేదు.

ఒకసారి వాగు పక్క కాలిబాట మీద పొంచి ఉన్నారు. మూడురోజులు కదలకుండా పడుకున్నారు. వరుసలో మొదట ఒక మలయ్ హవల్దారు, రెండోవాడు అప్పలసామి. మూడోరోజు వాన తెరిపిచ్చాక బాట మీద భుజాన మూటతో ఒకడు వచ్చాడు. చూస్తే తోటలో తన చెట్ల వరుస పక్క వరుసలో రబ్బరు గీసిన చైనావాడు, ఆసెంగ్. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే కొట్లో టీ తాగినవాళ్లు.

"నాను తుపాకీ ఎత్తినాను గానీ నొక్కలేదు" అన్నాడు పెద్దాయన. "ఆడు నన్ను సూసినాడు. సూసినోడు ఇసిరీసినాడు. అప్పలసామని ఆడికి తెలిసిందో లేదో నాకు తెలీదు."

బాంబు పేలింది. హవల్దారు కాల్చాడు. ఆసెంగ్ అక్కడే పడిపోయాడు. దళంలో మందుకట్లు కట్టే మనిషి అప్పలసామి కంటి చుట్టూ దొరికిన ముక్కలు తీసి, ఒకటి లోపల ఉండిపోయిందని, తీయబోతే కన్ను పోతుందని, ఉండనివ్వమని చెప్పాడు. కన్ను నయమయ్యేదాకా తుపాకీ గురి కుదరదని ఉద్యోగంలోంచి పంపేశారు. మళ్లీ అదే తోటకు, అదే పనికి వచ్చాడు.

తోటలో పక్క ఇళ్ల వరుసలోనే ఆసెంగ్ తల్లి ఉండేది. కొడుకు చనిపోయాడని ఆమెకు అప్పటికే తెలుసు. అప్పలసామి ఆ రోజు అక్కడున్నాడని తెలియదు. కంటికి కట్టు చూసి, ఏమైందని అడిగి, ఏదో ఆకు నూరి పసరు పట్టీ వేసింది. పదిరోజులు వేసింది.

పెద్దాయన అన్నాడు. "ఏటైందని అడిగితే రబ్బరు కత్తి జారిందన్నాను. ఆ ముసల్దానికి సెప్పిందే తరవాత అందరికీ సెప్పినాను. మా ఆడదానికొక్కర్తికే నిజం తెలుసు."

ఆ మాటలు నేను దినేశ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. అతను లేచి తాతయ్య కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, మచ్చ ఉన్నచోట వేలితో మెల్లగా తాకాడు. పెద్దాయన తల తిప్పుకోలేదు. ఇంకేమీ దాచాల్సింది లేదమ్మా, ఇప్పుడు నిద్ర బాగా పడుతుంది అని మాత్రం నాతో అన్నాడు. ఓబులమ్మ చేపల పులుసుతో భోజనం పెట్టింది. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ "ఎడమ కంటి గూడులో లోహపు ముక్క ఉంది, ఎమ్మారై చేయకూడదు" అని రాసి, డాక్టరు ముద్ర వేయించి తెచ్చాను; దాన్ని ఆయన ఇఖామాతో, అంటే కువైట్ నివాస అనుమతి కార్డుతో, కలిపి పెట్టమని వెళ్లేముందు దినేశ్‌కు ఇచ్చాను. రెండేళ్ల తర్వాత వాళ్లు మలేసియా వెళ్లిపోయారు. వెళ్లేనాటికి పెద్దాయన రెండు కళ్లతోనూ పేపరు చదువుతున్నాడని ఓబులమ్మ ఫోనులో చెప్పింది.

నా పొరపాటు గురించి విభాగంలో నేనే నివేదిక రాసి ఇచ్చాను. శిక్షించలేదు, కానీ ఫారం మార్చారు. రోగి ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో రోజూ దగ్గర ఉండి చూసుకునేది ఎవరు అనే రెండు గళ్లు చేరాయి. ఆ రెండో మనిషితో టెక్నాలజిస్టు స్వయంగా మాట్లాడాకే సంతకం పెట్టాలి. పనిమనిషైనా, డ్రైవరైనా సరే. నేను 2021లో రిటైరయ్యేదాకా ఆ పద్ధతి నడిచింది.

ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది చిన్న విషయమే. రోగి వద్దంటే దాన్ని భయమని రాసేయడం మాకు తేలిక. వద్దనడానికి కారణం ఉండవచ్చు, మతి సరిగా లేనివాడికి కూడా. అందుచేత మత్తు మందు సిరంజిలోకి తీసుకునే ముందు, ఎందుకు వద్దంటున్నారో ఆ మనిషికి తెలిసిన భాషలో అడగాలి. అలా అడిగించడానికి ఎవరో ఒకరు ఆస్పత్రిలోనే దొరుకుతారు. అయిదు నిమిషాలకు మించి పట్టదు.